బ్రేకు ఇన్‌స్పెక్టరు కోసమేనా బ్రేకు?

గుడుపల్లె: మోటారు వాహనాలను తనిఖీ చేసే అధికారిని ఈ ప్రాంతపు పల్లెల్లో ఎవరూ ఆయన అసలు హోదాతో పిలవరు. బ్రేకు ఇన్‌స్పెక్టరు అనే అంటారు. ఈ పేరు ప్రభుత్వం పెట్టినది కాదు, జనం పెట్టుకున్నది. బండికి దీపాలు, హారను, టైర్లు, కాగితాలు ఎన్ని ఉన్నా ముందుగా చూడవలసినది బ్రేకేనని జనం ఏనాడో గ్రహించారనడానికి ఆ పేరే సాక్ష్యం. గ్రహించినది ఆచరణలో లేకపోవడమే విచారకరం. తనిఖీకి ముందురోజు మెకానిక్కును పిలిచి బ్రేకు బిగించుకోవడం, సంతకం పడిన మరునాటి నుంచి ఆ సంగతి మరచిపోవడం చాలామందికి రివాజు అయింది.

ఇంతకంటే ఆలోచించవలసిన విషయం మరొకటి ఉన్నది. ఏ ఇన్‌స్పెక్టరు ఎదుటికీ రాకుండా ఏళ్ల తరబడి రోడ్డు మీద తిరిగే బండి ప్రతి పల్లెలోనూ ఉన్నది. అదే ట్రాక్టరు వెనుక తగిలించే ట్రాలీ. ట్రాక్టరును కంపెనీ తయారు చేస్తుంది. ట్రాలీని మాత్రం చాలా చోట్ల వెల్డింగు షాపులోనే కట్టిస్తారు. ఇనుప చానళ్లు, రేకులు, ఎక్కడో దొరికిన పాత ఇరుసు, పాత చక్రాలు కలిపితే ట్రాలీ తయారు. పక్క రేకులు ఎంత ఎత్తు ఉండాలో, రంగు ఏది వేయాలో, వెనుక ఎవరి పేరు రాయాలో యజమాని దగ్గరుండి చెప్పుకుంటాడు. బ్రేకు మాట అడిగేవారు తక్కువ. అడగనిది షాపువాడు పెట్టడు. ఇలా బ్రేకు లేని ట్రాలీలే ఎక్కువగా కనిపిస్తాయి. ఉన్న కొద్దివాటిలోనూ ఒకవైపు పట్టి, మరొకవైపు పట్టనివి ఉంటాయి.

ట్రాలీకి బ్రేకు ఉండాలి. ఆ బ్రేకు రెండువైపులా సమానంగా పట్టాలి. ఒకసారి సరిచేసింది తనిఖీ అయిన తర్వాత కూడా అలాగే నిలవాలి. ఈ మూడూ ఏ అధికారి కోసమో చేయవలసినవి కావు, వాలు దిగే మనిషి ప్రాణం కోసం చేయవలసినవి.

రెండెద్దుల లెక్క

బ్రేకు సమానంగా పట్టడం అంటే ఏమిటో రైతుకు వేరే చెప్పనక్కరలేదు. కాడికి కట్టిన రెండెద్దుల్లో ఒకటి నిలబడి, రెండవది నడుస్తూ ఉంటే బండి తిన్నగా ఆగదు. నిలిచిన ఎద్దు వైపుకు తిరుగుతుంది. మోటారు బండికీ ఇదే లెక్క. కుడి చక్రం గట్టిగా పట్టి ఎడమ చక్రం జారితే బండి కుడికి లాగుతుంది. మెల్లగా పోయేటప్పుడు డ్రైవరు స్టీరింగుతో సరిచేసుకుంటాడు. వేగంగా పోయేటప్పుడు, అందులోనూ వాన పడి రోడ్డు తడిసినప్పుడు, సరిచేసుకునే వ్యవధి ఉండదు.

బ్రేకు బలంగా ఉంటే చాలు, బండి ఆగుతుందనే నమ్మకం పల్లెల్లో ఉన్నది. ఇది సగమే నిజం. సమానం కాని బలమైన బ్రేకు ఒక్కొక్కసారి బలహీనమైన బ్రేకు కంటే ఎక్కువ హాని చేస్తుంది. బలహీనమైన బ్రేకుతో బండి ఆలస్యంగానైనా తిన్నగా ఆగవచ్చు. సమానం కాని బ్రేకుతో అడ్డం తిరుగుతుంది.

రెండు పెడళ్ల సంగతి

ట్రాక్టరుకు కుడిపక్క రెండు బ్రేకు పెడళ్లు ఉంటాయి. ఒకటి ఎడమ వెనుక చక్రానికి, మరొకటి కుడి వెనుక చక్రానికి. దుక్కిలో చాలు చివర మలుపు తిప్పేటప్పుడు ఒక చక్రాన్ని ఆపి, రెండవదానితో గిర్రున తిరగడానికి ఈ ఏర్పాటు. మడిలో ఇది వరం. రోడ్డు మీద ఇదే శాపం కాగలదు. అందుకే రెండు పెడళ్లను ఒకటిగా కలిపే కొక్కెం కంపెనీయే పెట్టి ఇస్తుంది. రోడ్డు ఎక్కే ముందు ఆ కొక్కెం వేయాలి. పొలం నుంచి వచ్చిన తొందరలో దానిని వేయకుండా రోడ్డు ఎక్కి, అడ్డం వచ్చిన మేకను తప్పించబోయి ఒక్క పెడలు తొక్కితే ట్రాక్టరు ఒకవైపుకు విసురుగా తిరుగుతుంది. బరువు పైన, పట్టు వెనుక ఉన్న బండి బోల్తా పడటానికి అంతకంటే కారణం అక్కరలేదు.

కొక్కెం వేసినంత మాత్రాన పని అయిపోదు. కలిపి తొక్కినప్పుడు రెండువైపులా ఒకేసారి పట్టాలి. పొలంలో ఎప్పుడూ ఒకేవైపుకు మలుపు తిప్పే అలవాటు ఉన్నవారికి ఆ వైపు బ్రేకు త్వరగా అరుగుతుంది. అప్పుడు రెండు పెడళ్ల ఖాళీ నొక్కుడులో తేడా వస్తుంది. ఒకటి కొంచెం నొక్కగానే పడుతుంది, మరొకటి లోతుకు పోతేగాని పట్టదు. ఎంత ఖాళీ ఉండాలో ట్రాక్టరుతో ఇచ్చే పుస్తకంలో అంకెతో సహా రాసి ఉంటుంది. ఆ పుస్తకం చాలా ఇళ్లలో బీరువాలో భద్రంగా ఉంటుంది గాని, మెకానిక్కు చేతికి అందదు. అంకె ఎంతైనా రెండువైపులా ఒకే అంకె ఉండటం ముఖ్యం.

వెనుక నుంచి తోసే బరువు

ఈ జిల్లాలో తిరిగే సాధారణ ట్రాక్టరు బరువు సుమారు 2 టన్నులు. దాని బ్రేకులు వెనుక చక్రాలకే, ముందు చక్రాలకు సాధారణంగా బ్రేకు ఉండదు. అటువంటి ట్రాక్టరు వెనుక టమాటా బాక్సులో, ఇటుకలో, ఇసుకో నింపిన ట్రాలీ బరువు 4 టన్నులు అనుకుందాం. మొత్తం 6 టన్నులు. ట్రాలీకి బ్రేకు లేకపోతే 2 టన్నుల బండికి చేసిన బ్రేకు 6 టన్నులను ఆపవలసి వస్తుంది. 20 కిలోమీటర్ల వేగంలో ఖాళీ ట్రాక్టరు బ్రేకు పట్టిన తర్వాత 4 మీటర్లలో ఆగుతుందనుకుంటే, అదే బ్రేకు బలంతో ఈ జంట బండి ఆగడానికి సుమారు 12 మీటర్లు కావాలి.

వేగం రెట్టింపు అయితే ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అవుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో ఆ 12 మీటర్లు 48 మీటర్లు అవుతాయి. డ్రైవరు చూసి కాలు వేయడానికి పట్టే ఒక్క సెకనులో బండి 11 మీటర్లు ముందుకు పోతుంది. అది దీనికి అదనం. బడి ముందు రోడ్డు దాటే పిల్లవాడు ఇంత దూరంలో ఉంటాడని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇదంతా చదునైన రోడ్డు లెక్క. గుడుపల్లె, కుప్పం చుట్టుపక్కల రోడ్లు ఎత్తుపల్లాల రోడ్లు. ఇరవై అడుగులకు ఒక అడుగు దిగే వాలులో 6 టన్నుల బండిని సుమారు 300 కిలోల బలం ఎడతెగకుండా కిందికి లాగుతుంది. ట్రాక్టరు ఆగాలని చూస్తుంది, ట్రాలీ తోస్తుంది. ట్రాక్టరు తిన్నగా ఉన్నంతసేపు ఫరవాలేదు. మలుపులో కొంచెం అడ్డంగా ఉన్నప్పుడు వెనుక బరువు తోస్తే కొక్కెం దగ్గర మడత పడి రెండూ అడ్డం తిరుగుతాయి. కత్తి ఒరలోకి మడిచినట్లు ట్రాలీ వచ్చి ట్రాక్టరు మీద పడుతుంది. డీజిలు ఆదా చేయాలని వాలులో గేరు తీసి న్యూట్రల్‌లో వదిలేవారు ఇంజను ఇచ్చే అడ్డును కూడా పోగొట్టుకుంటున్నారు. వాలు మొదలు కాకముందే చిన్న గేరులో వేసుకోవడం ఏ ఖర్చూ లేని జాగ్రత్త.

పూర్వం ఎద్దుల బండి వాలు దిగేటప్పుడు చక్రానికి కట్టె ఆనించి రాపిడి పుట్టించేవారు. ఎద్దు మెడ మీద బరువంతా పడకూడదని ఆనాటి రైతు ఆలోచించాడు. ఈనాటి ట్రాలీకి ఆ కట్టెపాటి ఏర్పాటు కూడా లేకపోవడం ఏమి పురోగతి? వాలులో నిలపవలసి వస్తే చక్రం కింద రాయి పెడతారు. పోయేటప్పుడు ఆ రాయిని రోడ్డు మీదనే వదిలేస్తారు. చీకట్లో వచ్చే మోటారు సైకిలుకు అదొక గండం.

ఇంట్లో కట్టిన కారుకు ఉన్న కట్టుదిట్టం

ఇంట్లో కట్టుకున్న బండికి ఇన్ని నియమాలు ఎందుకని కొందరు అడగవచ్చు. బ్రిటన్‌లో విడిభాగాలు తెచ్చుకుని ఇంటి వద్దనే కారు కట్టుకునే అలవాటు చాలామందికి ఉన్నది. అటువంటి కారు రోడ్డు ఎక్కాలంటే ఒక్కొక్క బండినీ విడిగా పరీక్షకు పెట్టాలి. 2009 నుంచి ఆ పరీక్ష మరింత కట్టుదిట్టమైంది. అందులో పెద్ద గండం బ్రేకుల సమతూకమే. బ్రేకు వేయగానే బండి బరువు ముందుకు ఒరుగుతుంది, వెనుక చక్రాలు తేలిక అవుతాయి. కనుక ముందు చక్రాలు మొదట పట్టాలి. వెనుకవి ముందుగా బిగుసుకుంటే తోక తిరుగుతుంది. ముందుకు ఎంత, వెనుకకు ఎంత అని పంచడానికి తక్కెడ దండె వంటి కడ్డీ ఒకటి పెట్టుకుంటారు. దానిని ఒక పక్కకు జరిపితే ముందు బ్రేకుకు, మరో పక్కకు జరిపితే వెనుక బ్రేకుకు బలం పెరుగుతుంది. ఒకసారి సరిచేసిన ఆ దండె తర్వాత తనంతట తాను కదలకుండా, డ్రైవరు కదపకుండా గట్టిగా బిగించి ఉండాలని అక్కడ పట్టుబడతారు. పరీక్ష రోజున సరిగా ఉంటే చాలదు, పరీక్ష తర్వాత కూడా అలాగే ఉండాలనేది దాని భావం. ఇక్కడ లోపించినది సరిగ్గా ఇదే.

ఈ దేశంలో ఇంట్లో కట్టిన కారును రిజిస్టరు చేయించడం అంత తేలిక కాదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కొత్త రకం బండి నమూనాను గుర్తింపు పొందిన సంస్థలు పరీక్షించాలి. హైదరాబాదు బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియంలో బూటు ఆకారం, క్రికెట్ బంతి ఆకారం ఉన్న బండ్లను జనం ముచ్చటగా చూస్తారు. అవి ప్రదర్శన కోసం చేసినవి. రోజూ రోడ్డున తిరిగే బండి సంగతి వేరు. ఉత్తరాదిలో పంపుసెట్టు ఇంజను బిగించి కట్టే జుగాడ్ బండ్లు కూడా మోటారు వాహనాలేనని, వాటికీ చట్టం వర్తిస్తుందని 2013లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి ఊళ్లో కట్టించినది గనుక చట్టం అడగదనే వాదన నిలవదు. ట్రాలీకి కూడా వేరే రిజిస్ట్రేషను ఉండాలని 1988 చట్టమే చెబుతున్నది.

అయితే చట్టంలో ఒక సందు ఉన్న మాట కాదనలేనిది. వ్యవసాయ ట్రాక్టరు రవాణా వాహనాల జాబితాలో లేదు. అందువల్ల బస్సులకు, లారీలకు ఉన్నట్లు దానికి తరచు ఫిట్‌నెస్ పరీక్ష లేదు. రిజిస్ట్రేషను 15 ఏళ్లు నడుస్తుంది. ఈ సడలింపు రైతు మేలు కోరి ఇచ్చినది. పరీక్ష లేదన్న మాటకు బ్రేకు అక్కరలేదని అర్థం తీయడం సరికాదు. అడిగేవారు లేని చోట బాధ్యత అంతా యజమానిదే అవుతుంది.

ఖర్చు మాట

ట్రాలీకి బ్రేకు పెట్టించడం ఖర్చుతో కూడినదని, పంటకు ధర లేని రోజుల్లో ఇదొక భారమని రైతులు అనడంలో న్యాయం లేకపోలేదు. టమాటా ధర పడిపోయి కాయలు రోడ్డు పక్కన పారబోసే రోజులు ఈ జిల్లా రైతుకు కొత్త కాదు. కాని కొత్తగా ట్రాలీ కట్టించేటప్పుడే బ్రేకు ఉన్న ఇరుసు వేయిస్తే అయ్యే అదనపు ఖర్చు, తర్వాత విప్పి పెట్టించే దానికంటే చాలా తక్కువ. పక్క రేకుల ఎత్తు పెంచడానికి పెట్టే డబ్బు ముందు బ్రేకుకు పెట్టవచ్చు. ఎత్తు పెంచడం అంటే బరువు పెంచడమే. బరువు పెంచి బ్రేకు పెంచకపోవడం తెలివైన పొదుపు కాదు.

సొంత పొలం పనికే గదా అనే మాట కూడా వినిపిస్తుంది. పొలానికి పోయే దారి కూడా ఊరి నడుమ నుంచే పోతుంది. పైగా అదే ట్రాలీలో పెళ్లికి, జాతరకు, కూలి పనికి మనుషులను ఎక్కిస్తున్నారు. 2022 డిసెంబరులో ఇదే చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలంలో పెళ్లివారిని తీసుకుపోతున్న ట్రాక్టరు బోల్తాపడి ఆరుగురు చనిపోయారు, మరెందరో గాయపడ్డారు. పెళ్లి పందిరికి చేరవలసిన వారు ఆసుపత్రికి చేరారు. సరుకు కోసం చేసిన ట్రాలీలో మనుషులను ఎక్కించడం చట్టం ఒప్పుకోదు. ఏదైనా జరిగితే బీమా పరిహారం దగ్గర కూడా చిక్కులు తప్పవు. కుప్పం గంగమ్మ జాతర రోజుల్లో, ముహూర్తాల రోజుల్లో ఈ విషయం పెద్దలు ఇంటింటా చెప్పవలసి ఉన్నది.

ఖాళీ ట్రాలీకి బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుని పక్కకు జారుతుందని కొందరు డ్రైవర్లు భయపడతారు. ఆ భయం నిరాధారం కాదు. అందుకే బ్రేకు పెట్టించడం ఒక పని, సరిచేయడం మరొక పని. ట్రాక్టరు కంటే ట్రాలీ బ్రేకు ఒక్క క్షణం ముందుగా, మెత్తగా పట్టాలి. అప్పుడు ట్రాలీ ముందుకు తోయదు. మరీ గట్టిగా పడితే ఖాళీగా ఉన్నప్పుడు జారుతుంది. ఈ రెంటి నడుమ సరిచేయడమే మెకానిక్కు నేర్పు.

చూసుకోవడం ఎలా?

ఇందుకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. ముందు చక్రాలకు గట్టి అడ్డం పెట్టి, వెనుక చక్రాలను జాకీతో ఎత్తి, కింద బలమైన దిమ్మెలు పెట్టాలి. జాకీ ఒక్కదానినే నమ్మి కిందికి దూరరాదు. ఒకరు పెడలు మెల్లగా నొక్కుతుంటే మరొకరు చక్రాలను చేతితో తిప్పి చూడాలి. రెండూ ఒకే నొక్కుడు వద్ద బిగుసుకోవాలి. ట్రాలీ బ్రేకుకూ ఇదే పద్ధతి. తర్వాత జనం లేని చదునైన మట్టిదారిలో, నడక కంటే కొంచెం ఎక్కువ వేగంలో, బ్రేకు వేసి దిగి చూడాలి. నేల మీద రెండు చక్రాల జాడలూ ఒకే పొడవున, తిన్నగా ఉంటే సరే. ఒక జాడ పొడవుగా, రెండవది పొట్టిగా ఉంటే తేడా ఉన్నట్లే.

మరొక సులువైన గుర్తు వేడి. బ్రేకు రాపిడితో పనిచేస్తుంది, రాపిడి వేడి పుట్టిస్తుంది. కొంత దూరం పోయి నాలుగైదుసార్లు ఆపిన తర్వాత ట్రాలీ రెండు డ్రమ్ములకు తగలకుండా, దగ్గరగా చేతి వెనుక భాగం పెట్టి చూస్తే తెలుస్తుంది. ఒకటి కాలుతూ, మరొకటి చల్లగా ఉంటే పని అంతా ఒకటే చేస్తున్నదన్నమాట. చల్లగా ఉన్నవైపు సీలు పోయి గ్రీజు లోపలికి దిగి ఉండవచ్చు, లేదా కడ్డీ వదులై ఉండవచ్చు. కాలుతున్నవైపు బిగుతు తగ్గించి సరిపెట్టడం తప్పు. పట్టనిదానిని పట్టేటట్లు చేయాలి.

అధికారులు ఏమి చేయాలి?

2021లో కేంద్రం యంత్రాలతో పరీక్షించే కేంద్రాలకు నిబంధనలు తెచ్చింది. అటువంటి కేంద్రాల్లో బండి చక్రాలను తిరిగే రోలర్ల మీద నిలిపి, ఏ చక్రం ఎంత బలంగా ఆపుతున్నదో విడివిడిగా అంకెలతో చూపుతారు. కంటి అంచనాకు, ఇష్టాయిష్టాలకు అక్కడ చోటు తక్కువ. ఇది మంచి మార్పే. కాని పల్లె రైతు ట్రాక్టరుకు ట్రాలీ తగిలించుకుని దూరాన ఉన్న పట్టణానికి పోవాలంటే ఒక రోజు పని, డీజిలు పోతాయి. పైగా బ్రేకు లేని బండిని బ్రేకు పరీక్షకు రోడ్డు మీద అంత దూరం తోలడమే ఒక ప్రమాదం. రవాణా శాఖవారు ఏటా కోతలకు ముందు ఒక రోజు మండల కేంద్రంలోనే శిబిరం పెట్టి, జరిమానా మాట లేకుండా ట్రాక్టరు, ట్రాలీ బ్రేకులు చూసి చెబితే రైతులు తామే ముందుకు వస్తారు. చేతిలో రసీదు పుస్తకంతో వచ్చే అధికారిని చూస్తే అడ్డదారి పట్టడం మానవ సహజం.

ట్రాలీలు కట్టే వెల్డింగు షాపులవారిని కూడా ఈ శిబిరానికి పిలవాలి. నేర్పు వారి చేతుల్లోనే ఉన్నది. బ్రేకు లేకుండా ట్రాలీ అప్పగించబోమని నలుగురు షాపువారు ఒక్క మాట మీద నిలిస్తే చట్టం చేయలేని పని జరుగుతుంది. పంచాయతీ పెద్దలు ఊరి వాలుల వద్ద హెచ్చరిక బోర్డులు పెట్టించవచ్చు. ట్రాక్టరు అమ్మే డీలర్లు తాళం చెవి ఇచ్చేటప్పుడు రెండు పెడళ్ల కొక్కెం గూర్చి ఐదు నిమిషాలు చెబితే వారి వ్యాపారానికి నష్టం రాదు.

ఇక రైతులు, డ్రైవర్లు తనిఖీ రోజు వరకు ఆగనక్కరలేదు. అధికారి ఎప్పుడో ఒకసారి వస్తారు, వాలు మాత్రం రోజూ ఎదురవుతుంది. రేపు ఉదయం ట్రాక్టరు బయటికి తీసేటప్పుడు పెడళ్ల కొక్కెం వేసి ఉన్నదా, రెండువైపులా ఒక్కటిగా పడుతున్నదా అని చూసుకుంటే మొదటి పని అయినట్లే. ట్రాలీకి బ్రేకు లేనివారు ఈ పంట డబ్బు చేతికి రాగానే ఆ పని చేయించుకోవడం వారికీ, వారి వెంట వచ్చేవారికీ, ఎదురు వచ్చేవారికీ క్షేమం.